‘బాడీ అండ్ సోల్’ కొలతల డైరీ: ఒక బాణీ, ఎనిమిది రికార్డింగులు

‘బాడీ అండ్ సోల్’ జాజ్ వాళ్లు తెగ వాయించిన అమెరికన్ ప్రేమగీతం. పని ఇది: 1930 నుంచి 2011 దాకా వచ్చిన ఎనిమిది ‘బాడీ అండ్ సోల్’ రికార్డింగులను పక్కపక్కన పెట్టి, ఏ బార్‌లో (నాలుగు బీట్ల ఆవృతంలో) ఎవరు ఏం చేస్తున్నారో పట్టికగా రాయడం. ఒకటి, కోల్‌మన్ హాకిన్స్‌ది, 78 వేగపు (నిమిషానికి 78 చుట్లు తిరిగే) పాత ప్లేటు నుంచి, మిగతా ఏడు సీడీల నుంచి. ఏ ప్రేమగీతానికైనా ఇదే పద్ధతి పనికొస్తుంది. తప్పులన్నీ కింద ఉన్నాయి, మళ్లీ ఎవరూ చేయనక్కర్లేదు.

సామాను

78, 45, 33⅓ వేగాలున్న టర్న్‌టేబుల్. 3 మిల్ ముల్లు, అంటే సుమారు 76 మైక్రాన్లు. ఈక్వలైజేషన్ (మంద్ర, తార స్థాయిల హెచ్చుతగ్గుల సర్దుబాటు) వేయకుండా సిగ్నల్‌ని ఉన్నదున్నట్టు ఇచ్చే ప్రీయాంప్. 24 బిట్, 96 కిలోహెర్ట్జ్ సౌండ్ కార్డ్. ఆడాసిటీ, సోనిక్ విజువలైజర్ అనే శబ్దం సాఫ్ట్‌వేర్లు, రెండూ ఉచితం. 50 హెర్ట్జ్ కరెంటుకి సరిపోయే స్ట్రోబ్ కాగితం (ప్లేటు సరైన వేగంలో తిరిగితే గీతలు నిలబడ్డట్టు కనిపించే చక్రం), దాన్ని చూడటానికి ఒక మామూలు బల్బు.

దశ 1: ఏది మొదటిది?

పట్టికలో ‘మొదటి రికార్డింగ్’ అని ఒకే గడి పెట్టడం తొలి తప్పు. జానీ గ్రీన్ ఈ బాణీని న్యూయార్క్‌లో బ్రిటిష్ నటి గెర్ట్రూడ్ లారెన్స్ కోసం కట్టాడు. సాహిత్యానికి ఎడ్వర్డ్ హేమన్, రాబర్ట్ సోర్, ఫ్రాంక్ ఐటన్ అని మూడు పేర్లున్నాయి. లారెన్స్ పాటను లండన్ తీసుకెళ్లింది. అక్కడ 1930 ఫిబ్రవరిలో ఒకే వారంలో జాక్ హిల్టన్, ఆంబ్రోస్ వాద్యబృందాలు రెండూ రికార్డు చేశాయి. అమెరికా వేదికకి అది అక్టోబరులో ‘త్రీస్ ఎ క్రౌడ్’ రెవ్యూతో (పాటలు, హాస్యం కలిపిన రంగస్థల ప్రదర్శన), లిబ్బీ హోల్మన్ గొంతులో చేరింది. జాజ్ వాళ్లలో ముందు పట్టుకున్నది లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్, అదే అక్టోబరులో.

మార్చింది: ఒక గడి మూడయింది. మొదటి రికార్డు, అమెరికాలో మొదటి వేదిక, మొదటి జాజ్ రికార్డు. మూడింటికీ జవాబులు వేరు.

ఎంచిన ఎనిమిది:

1. జాక్ హిల్టన్, లండన్, 1930 ఫిబ్రవరి
2. లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్, లాస్ ఏంజెలిస్, 1930 అక్టోబరు
3. బెన్నీ గుడ్‌మన్ ట్రయో, 1935 జులై 13. టెడ్డీ విల్సన్ పియానో, జీన్ క్రూపా డ్రమ్స్, బాస్ లేదు
4. చూ బెర్రీ, రాయ్ ఎల్‌డ్రిడ్జ్, 1938 నవంబరు, కమడోర్ కంపెనీ
5. కోల్‌మన్ హాకిన్స్, న్యూయార్క్, 1939 అక్టోబరు 11, బ్లూబర్డ్ బి-10523
6. బిల్లీ హాలిడే, 1940 ఫిబ్రవరి 29
7. జాన్ కోల్‌ట్రేన్ క్వార్టెట్, 1960 అక్టోబరు. ఎల్పీగా (33⅓ వేగపు, ఎక్కువ నిడివి ప్లేటుగా) వచ్చింది మాత్రం 1964లో
8. టోనీ బెనెట్, ఏమీ వైన్‌హౌస్, లండన్ ఆబీ రోడ్ స్టూడియో, 2011 మార్చి 23

వెతికేటప్పుడు రెండు చోట్ల కాలు జారుతుంది. ఒకటి పేరు: 1925 నాటి మూకీ సినిమా ఒకటి ఇదే పేరుతో ఉంది, దానికీ పాటకీ సంబంధం లేదు. 1947 నాటి బాక్సింగ్ సినిమాకీ ఇదే పేరు, అందులో మాత్రం ఈ బాణీ వాడారు. పేరుతో పాటు జానీ గ్రీన్ అని కూడా కొడితే చెత్త చాలావరకు పోతుంది. రెండోది హాకిన్స్: ఈ పాటను ఆయన తర్వాత చాలాసార్లు వాయించాడు, సంకలనాల్లో అవన్నీ కలిసిపోయి ఉంటాయి. 1939 నాటిదో కాదో చెవితోనే తేలిపోతుంది. జీన్ రాడ్జర్స్ పియానో నాలుగు బార్లు, ఆ వెంటనే టెనర్ శాక్స్, చివరిదాకా ఆ శాక్సే. మధ్యలో ఇంకొకరు సోలో అందుకుంటే అది వేరే రికార్డు.

*ఇప్పటిదాకా: ఎంచినవి 8, పొరపాటున తెచ్చుకుని పక్కన పెట్టినవి 3, కొలిచిన బార్లు 0.*

దశ 2: ప్లేటు కడగడం

వినైల్ రికార్డులకి అమ్మే క్లీనర్ సీసా మీద ఏముందో ముందు చదవండి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఉంటే 78 ప్లేటు దగ్గరికి రానివ్వొద్దు. ఈ ప్లేట్లలో పొడిని కట్టిపడేసేది లక్క. పాలిష్ పనివాళ్లు లక్కను స్పిరిట్‌లో కరిగించే కదా చెక్కకి పూస్తారు. ప్లేటు మీదా అదే జరుగుతుంది. అంచున, పాట లేని చోట, చెవి పుల్లతో ఒక్క చుక్క వేసి చూస్తే నిమిషంలో మెరుపు పోయి మసకబారింది. దూది నల్లగా వచ్చింది. ఆ నలుపు మురికి కాదు, ప్లేటే.

1. బ్యాటరీ షాపులో దొరికే డిస్టిల్డ్ వాటర్ ఒక లీటరు, అందులో గిన్నెలు తోమే ద్రవం రెండు చుక్కలు.
2. మెత్తని బ్రష్‌తో గాడి వెంబడే తుడవాలి, అడ్డంగా కాదు. మధ్య కాగితం తడవకూడదు.
3. ఉత్త డిస్టిల్డ్ వాటర్‌తో రెండుసార్లు కడగాలి.
4. నిలబెట్టి నీడలో ఆరబెట్టాలి. ఎండలో పెడితే వంగుతుంది.

దశ 3: 45 మీద తిప్పి, తర్వాత వేగం పెంచడం (విఫలం)

78 వేగం లేని టర్న్‌టేబుల్ మీద ఎక్కువమంది ఇచ్చే సలహా: 45 మీద తిప్పి రికార్డు చేసి, కంప్యూటర్లో 1.739 రెట్లు వేగం పెంచండి. లెక్క సరైనదే, 78.26ని 45తో భాగిస్తే అంతే వస్తుంది. ఇక్కడా ముందు అలాగే చేసి చూశాం. రెండు చోట్ల బెడిసికొట్టింది.

మొదటిది ఈక్వలైజేషన్. మామూలు ఫోనో ప్రీయాంప్‌లో ఉండేది ఎల్పీల కోసం 1954లో స్థిరపడ్డ ఆర్‌ఐఏఏ వంపు. దాని మలుపులు 50, 500, 2122 హెర్ట్జ్ దగ్గర. 45 మీద తీసి వేగం పెంచితే శబ్దంతో పాటు ఆ మలుపులూ జరుగుతాయి: 500 కాస్తా 870, 2122 కాస్తా 3690. శాక్సోఫోన్ ఒళ్లంతా ఆ మధ్యలోనే ఉంది. గొంతు పట్టేసినట్టు వినిపించింది.

రెండోది మహా దొంగది. హాకిన్స్ ప్లేటులో బాస్ వాద్యం ఒకే ఎఫ్ స్వరాన్ని పాట పొడుగునా పట్టుకున్నట్టు, కార్డు (కలిసి మోగే స్వరాల గుంపు) మారినా వదలనట్టు వినిపించింది. స్పెక్ట్రమ్‌లో (శబ్దంలో ఏ హెర్ట్జ్ ఎంతుందో చూపే చిత్రంలో) 87 హెర్ట్జ్ దగ్గర సన్నటి గీత. ఆ ఎఫ్ డి ఫ్లాట్ మేజర్‌లో గాంధారం కాబట్టి చాలా చోట్ల అపస్వరంగా కూడా అనిపించదు. ముల్లు పైకి లేచాక, పాట అయిపోయాక కూడా ఆ గీత అలాగే ఉండటంతో పట్టుబడింది. అది గోడ ప్లగ్గు నుంచి వచ్చిన 50 హెర్ట్జ్ హమ్. 1.739తో గుణిస్తే 86.96. పియానో మీద ఎఫ్ 87.31. తేడా 7 సెంట్లే, అంటే అర స్వరంలో నూటికి ఏడు వంతులు. 50 దగ్గర పెట్టిన హమ్ ఫిల్టర్ దాన్ని తాకనైనా లేదు.

మార్చింది:

1. ప్రీయాంప్‌లో ఆర్‌ఐఏఏ తీసేసి, ఉన్నదున్నట్టే రికార్డు చేయడం. వంపు తర్వాత సాఫ్ట్‌వేర్‌లో.
2. 45 తప్పనిసరైతే హమ్‌ని వేగం పెంచకముందే, 50 దగ్గరే తీసేయడం.
3. ముల్లు దించకముందు 10 సెకన్లు, ఎత్తాక 10 సెకన్లు ఖాళీ రికార్డు చేయడం. ఏది ప్లేటుదో, ఏది మన వైరుదో అక్కడ తెలిసిపోతుంది.

ముల్లు సంగతి ఒక్క ముక్క. ఎల్పీ ముల్లు 0.7 మిల్ ఉంటుంది. అది 78 గాడి అడుగున దేకుతూ అక్కడున్న ఇసుకంతా వినిపిస్తుంది. 3 మిల్ ముల్లు గోడల మీద కూర్చుంటుంది.

*ఇప్పటిదాకా: ప్లేటు మీద 2 సార్లు తిప్పడం, ఒక్కోటి 333 సెకన్లు, 192 ఎంబీ. మొత్తం 384 ఎంబీ. పనికొచ్చింది 0.*

దశ 4: 78 మీద నేరుగా

78 అన్నది గుండ్రంగా చెప్పే అంకె. 60 హెర్ట్జ్ దేశాల్లో 92 గీతల స్ట్రోబ్‌తో 78.26 వస్తుంది, 50 హెర్ట్జ్ దేశాల్లో 77 గీతలతో 77.92. రెంటికీ తేడా ఏడున్నర సెంట్లు, చెవికి ఆనదు. కానీ అమెరికా స్ట్రోబ్ కాగితాన్ని మన బల్బు కింద పెడితే గీతలు నిలబడేది 65 వేగం దగ్గర. స్ట్రోబ్ దించుకునేటప్పుడు 50 హెర్ట్జ్ అని రాసి ఉందో లేదో చూడండి. గీతలు నిలబడేది కరెంటుతో పాటు బల్బు మినుకుతుంది కాబట్టి. ఎల్ఈడీ బల్బుల్లో చాలావాటికి ఆ మినుకు ఉండదు. పాత ఫిలమెంట్ బల్బు కావాలి.

తర్వాతి చిక్కు: పాట చివర్లో శ్రుతి ఊగుతోంది. 0.77 సెకన్లకోసారి పైకి, కిందికి. 78.26 వేగంలో ఒక చుట్టుకి పట్టే కాలం సరిగ్గా అంతే, కాబట్టి దోషం వాయించినవాడిది కాదు, ప్లేటు చిల్లుది. చిల్లు నడిమధ్యలో లేదు. ముల్లు చేయి పక్కకి ఊగే దూరం స్కేలు పెట్టి కొలిస్తే 1 మిల్లీమీటరు, అంటే చిల్లు అర మిల్లీమీటరు పక్కకుంది. బయటి గాడిలో, 120 మిల్లీమీటర్ల వ్యాసార్ధం దగ్గర, దాని ప్రభావం అటూ ఇటూ 7 సెంట్లు. లోపలి గాడిలో, 55 దగ్గర, దాదాపు 16. హాకిన్స్ వైబ్రాటో లోతు కొలవాలనుకుంటే ఇది మొత్తం లెక్కను పాడుచేస్తుంది.

సరిచేయడం:

1. చిల్లు వదులుగా ఉంటే ప్లేటును వేలితో నెట్టి, చేయి ఊగడం తగ్గేదాకా సర్దడం. నాలుగైదు ప్రయత్నాలు పట్టింది.
2. జారకుండా కింద పలచని రబ్బరు మ్యాట్.
3. చిల్లును ఆకురాయితో పెద్దది చేయమని చెప్పేవాళ్లున్నారు. వద్దు. పెచ్చు లేచిందంటే పగులు గాడిదాకా పాకుతుంది.

చేయి ఊపు 0.2 మిల్లీమీటర్లకి దిగింది. లోపలి గాడిలో 3 సెంట్లు. అక్కడితో ఆపేశాం.

వంపు: 500 హెర్ట్జ్ కింద బాస్ పెంచి, పైన చాలా కొంచెం తగ్గించాం. ఆర్‌ఐఏఏ యథాతథంగా వేస్తే 10 కిలోహెర్ట్జ్ దగ్గర 13.7 డెసిబెల్స్ కోత పడుతుంది, సింబల్ ఉందో లేదో కూడా తెలియదు. టిక్కులు తీసే ఫిల్టర్‌ని గట్టిగా పెట్టొద్దు. తీసేసిన శబ్దాన్ని విడిగా వినండి: అందులో టప్‌టప్ మాత్రమే ఉండాలి. మొదటిసారి విన్నప్పుడు అందులో శాక్స్ రీడ్ చప్పుడు, ప్రతి పలుకు మొదట్లో వచ్చేది, స్పష్టంగా ఉంది. పరిమితి సగానికి తగ్గించాం.

*ఇప్పటిదాకా: 3 సార్లు తిప్పడం, 499 ఎంబీ. పనికొచ్చిన ఫైలు 1, 115 ఎంబీ.*

దశ 5: శ్రుతి

వేగం సరిపోయిందో లేదో చెప్పాల్సింది పాటే. ముందు శాక్స్ స్వరాలతో కొలిస్తే అంకె కుదురుగా నిలబడలేదు, వైబ్రాటో దాన్ని ఊపుతూనే ఉంది. పియానో స్వరం వంగదు. అందుకే కొలత మొదటి నాలుగు బార్లలోనే, అంటే తొలి 10 సెకన్లలో.

రెండో తప్పు విండో పరిమాణం, అంటే ఒక్కో కొలతకి ఎన్ని శబ్ద నమూనాలు తీసుకుంటామన్నది. 96 కిలోహెర్ట్జ్ ఫైల్లో 32768 పెడితే ఒక్కో గడి 2.93 హెర్ట్జ్. డి ఫ్లాట్ 277.18 దగ్గర అది 18 సెంట్లు, టైలరు టేపుతో వెంట్రుక కొలిచినట్టు. 131072 పెడితే 0.73 హెర్ట్జ్, నాలుగున్నర సెంట్లు. దానికి స్వరం 1.4 సెకన్లు సాగాలి, కాబట్టి సాగిన కార్డులనే ఎంచాలి.

పెట్టుకున్న నియమం: తేడా 10 సెంట్ల లోపు ఉంటే ముట్టుకోవద్దు, ఆ రోజు స్టూడియో పియానో శ్రుతి ఎంతుందో మనకి తెలియదు. 35 సెంట్లు, అంటే వేగంలో 2 శాతం దాటితే ప్లేటును అనుమానించకుండా ముందు మన మోటారును చూడాలి.

దశ 6: బార్ల లెక్క

కోరస్ అంటే ఇక్కడ బృందగానం కాదు, 32 బార్ల పూర్తి చుట్టు: ఎనిమిది, ఎనిమిది, వేరే బాణీతో ఎనిమిది, మళ్లీ మొదటి ఎనిమిది. దీనికి ముందు పాటలో ఒక వెర్స్ ఉంది, జాజ్ వాళ్లు దాదాపు ఎప్పుడూ వదిలేస్తారు. నృత్య బృందాల రికార్డుల్లో ఉపోద్ఘాతం, కోరస్‌ల మధ్య అతుకు బార్లు కూడా ఉంటాయి. వాటిని లెక్కలో కలపడంతో మొదటి పట్టికలో వరసలన్నీ తప్పాయి. ఉపోద్ఘాతానికి మైనస్ అంకెలు ఇచ్చాక కుదిరింది.

ఇంకో జారుడు మెట్టు: బాణీ సమం మీద ఎత్తుకోదు, మన లెక్కలో అనాగతం. బాస్ ముందు పడుతుంది, స్వరం కొద్దిగా ఆగి వస్తుంది. స్వరం దగ్గర గుర్తు పెడితే పట్టిక మొత్తం పక్కకి జరుగుతుంది. గుర్తు ఎప్పుడూ బాస్ మీదే. గుడ్‌మన్ ట్రయోలో బాస్ లేదు, అక్కడ విల్సన్ ఎడమ చెయ్యి.

హాకిన్స్ లెక్క: 4 + 32 + 32 = 68 బార్లు, 272 బీట్లు. నిమిషానికి 94 బీట్లు అనుకుంటే 174 సెకన్లు, చివరి సాగదీతతో కలిపి దాదాపు మూడు నిమిషాలు. ప్లేటు దానికి సరిపోయింది. ఎంత వేగానికి ఒక కోరస్ ఎంతసేపు పడుతుందో వేసుకుంటే మిగతా రికార్డుల ఆకారం అర్థమవుతుంది:

- 60 దగ్గర 128 సెకన్లు
- 80 దగ్గర 96 సెకన్లు
- 94 దగ్గర 82 సెకన్లు
- 120 దగ్గర 64 సెకన్లు

10 అంగుళాల ప్లేటు ఒక వైపు పట్టేది మూడు నిమిషాల పైచిలుకు. నిదానంగా పాడితే ఒకటిన్నర కోరస్‌కే చోటు. అందుకే పాట ఒకసారి అయ్యాక వాద్యాలు సగం చుట్టు తీసుకోవడం, గాయని మూడో ఎనిమిది దగ్గర తిరిగి రావడం అంత మామూలైంది. చూ బెర్రీది 12 అంగుళాల ప్లేటు, ఇద్దరి సోలోలకీ చోటు దొరికింది. కోల్‌ట్రేన్ నాటికి ఎల్పీ ఉంది, ఐదున్నర నిమిషాలు. కాబట్టి నిడివి గడిని పట్టికలోంచి తీసేశాం. బార్లే రాస్తున్నాం.

*ఇప్పటిదాకా: గుర్తు పెట్టిన రికార్డింగులు 6, చెరిపి మళ్లీ పెట్టినవి 4.*

దశ 7: లయను యంత్రానికి వదిలేస్తే

సోనిక్ విజువలైజర్‌లో బీటు కనిపెట్టే ప్లగిన్ చూ బెర్రీ రికార్డు దగ్గర బోల్తా పడింది. ఎల్‌డ్రిడ్జ్ ట్రంపెట్ అందుకోగానే వాద్యం రెండో కాలానికి వెళ్తుంది, కార్డులు మాత్రం విలంబంలోనే నడుస్తాయి. యంత్రం బార్లను రెట్టింపు లెక్కపెట్టింది. 32 ఉండాల్సిన చోట 64. దానికి విరుగుడు పాతదే: కీబోర్డు మీద వేలితో తాళం వేసి గుర్తులు పెట్టడం, మూడుసార్లు వేసి మధ్య విలువ తీసుకోవడం. వేలి తప్పు 30 మిల్లీసెకన్ల లోపే వచ్చింది, బార్ల పట్టికకి అది చాలు.

దశ 8: మధ్య ఎనిమిది, 17 నుంచి 24

ఈ పాట దొంగ గుణమంతా ఇక్కడే. కీబోర్డు ముందు కూర్చుంటే మన భాషలో ఇలా: ఒకటిన్నర శ్రుతిలో (డి ఫ్లాట్‌లో) నడుస్తున్న పాట 17వ బార్‌లో రెండుకి ఎక్కుతుంది. నాలుగు బార్లయ్యాక ఒకటికి దిగుతుంది. 24వ బార్‌లో సి సెవెన్త్, బి సెవెన్త్, బి ఫ్లాట్ సెవెన్త్ అని మెట్టు మెట్టుగా జారి ఇంటికొస్తుంది. ఇది గ్రహభేదం కాదు, ఆధార షడ్జమే కదులుతోంది.

కొలతకి ఇందులో ప్రమాదం ఏమిటంటే, ప్లేటు వేగం 6 శాతం తప్పితే, 78.26 బదులు 82.9 అయితే, పాట మొత్తం అర స్వరం పైకి పోయి మొదటి ఎనిమిది బార్లే రెండు శ్రుతిలో వినిపిస్తాయి. మధ్యలోంచి ముక్క కోసి కొలిచినవాడికి అది తప్పని తెలిసే దారి లేదు. శ్రుతి కొలత ఎప్పుడూ ఆరంభంలోనే చేయాలన్నది ఇందుకే. స్కేలు కనిపెట్టే ప్లగిన్ కూడా నమ్మదగ్గది కాదు: పాట ఈ ఫ్లాట్ మైనర్ కార్డుతో మొదలవుతుంది కాబట్టి మొదటి రెండు బార్లకి అదే శ్రుతి అని రాసేసింది.

రికార్డింగులను ఒకదానికొకటి జత చేయడంలో అసలు పాఠం కూడా ఇక్కడే దొరికింది. బాణీని బట్టి జత చేసే పద్ధతి హాకిన్స్ దగ్గర తొలి కొద్ది బార్లకే చేతులెత్తేసింది. ఆయన బాణీని పలకరించి వదిలేస్తాడు, తర్వాత రెండు కోరస్‌లూ కార్డుల మీదే అల్లుకుంటూ పోతాడు. సరే అని కార్డులతో జత చేస్తే కోల్‌ట్రేన్ తిరగబడింది: బాణీ ఉంది, కింద కార్డులే మార్చేశాడు, ముఖ్యంగా ఈ ఎనిమిది బార్లలో. అందుకని పట్టికలో రెండు గడులు: ‘బాణీ నిలిచిందా’, ‘కార్డులు నిలిచాయా’. హాకిన్స్‌కి కాదు, అవును. కోల్‌ట్రేన్‌కి అవును, కాదు. ఈ రెండు గడులు రాకముందు పట్టిక నిజంగా ఏమీ చెప్పలేదు.

పంచుకునేవాళ్లకి

హక్కులు రెండు, విడివిడిగా చూడాలి. రచన 1930లో అచ్చయింది, అమెరికాలో 2026 జనవరి 1 నుంచి అందరిదీ. హాకిన్స్ రికార్డింగుకి అక్కడ 2039 చివరిదాకా రక్షణ ఉంది. అందుకే మా ఫైళ్లలో శబ్దం పెట్టలేదు, బార్ల గుర్తులు మాత్రమే.

*ఇప్పటిదాకా: పూర్తయిన వరసలు 7, మిగిలింది 1.*

ఆ ఒకటి జాక్ హిల్టన్. దొరికిన సీడీలో హమ్, గరగర రెండూ ఎంత గట్టిగా తీసేశారంటే బాస్ ఎక్కడ పడుతోందో వినపడటం లేదు, గుర్తు పెట్టడానికి ఆసరా లేదు. హిజ్ మాస్టర్స్ వాయిస్ అసలు ప్లేటు దొరికితే వంపు మలుపును 500 కాకుండా 250 హెర్ట్జ్ దగ్గర పెట్టి మొదలుపెట్టాలి. ఆ సెట్టింగును ఫైల్లో సేవ్ చేసి ఉంచాం.